బైబిల్ వాక్యం పేరు చెప్పి టీషర్టులు అమ్మే ఇన్‌స్టా పేజీతో జాగ్రత్త, వైజాగ్ యూత్ వాళ్లు తప్పక చదవండి

వీబీఎస్‌లకీ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ క్లాసులు) యూత్ రిట్రీట్‌లకీ టీషర్టులు ఆర్డర్ పెట్టే అన్నలూ అక్కలూ, దయచేసి ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. ఫిర్యాదు పెట్టాం కాబట్టి పేజీ పేరు ఇక్కడ రాయట్లేదు. నల్ల షర్టు మీద బంగారు రంగు వాక్యం, వెనకాల వర్షిప్ పాట, కింద "ప్రతి షర్టులో పదో భాగం అనాథ పిల్లలకు" అని వచ్చే రీల్స్ మీ గ్రూపుల్లోకి కూడా వచ్చే ఉంటాయి. గాజువాక నుంచి మధురవాడ దాకా అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు. వాళ్లే.

మా సండే స్కూల్ వీబీఎస్ కోసం 40 షర్టులు చెప్పాం. ఒక్కోటి 550, మొత్తం 22,000. ఆర్డర్‌తో పాటే మొత్తం డబ్బు ఫోన్‌పే చేయమన్నారు, చేశాం. మా పిల్లల్లో సగం మంది జాలరిపేట వైపు వాళ్లు. చేపలమ్ముకునే తల్లులు యాభై, వంద చొప్పున వారం వారం ఇస్తూ వచ్చిన డబ్బు అది. మే నెలలో మన ఊళ్లో ఉక్కపోత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, అందుకే కాటన్ కావాలని గట్టిగా అడిగాం. "200 జీఎస్ఎం, ప్యూర్ కాటన్, స్క్రీన్ ప్రింట్ సిస్టర్, గ్యారంటీ" అని చాట్‌లో రాసిచ్చారు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. ఆ స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది.

వీబీఎస్ రేపనగా సాయంత్రం పార్సిల్ వచ్చింది. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అనే వాక్యం వేయమన్నాం. షర్టు మీద "సమస్‌తమును" అని ఉంది. స కింద తావత్తు పడలేదు, పొల్లుతో ఒక స్, దాని పక్కన విడిగా ఒక త. కింద రెఫరెన్స్ కూడా "ఫిలిప్‌పీ 4:13". తెలుగు అక్షరాలు సరిగా కలవని సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే వత్తులు ఇలాగే విడిపోతాయి, డీటీపీ చేసేవాళ్లు ఎవరైనా చూడగానే చెప్పేస్తారు. అంటే ప్రింట్‌కి ఇచ్చేముందు తెలుగు చదవడం వచ్చిన మనిషి ఒక్కరూ దాన్ని చూడలేదు. నాలుగో తరగతి చదివే పాప ఒకటి వేలు పెట్టి "సమస్... తమును" అని కూడబలుక్కుని చదివి, "టీచర్, ఇలా కూడా రాస్తారా?" అని అడిగింది. ఆ పాపకి తెలుగు చదవడం వచ్చిందే బైబిల్ వాక్యాలు బోర్డు మీద రాయించి నేర్పితే.

అయినా పిల్లలు వేసుకున్నారు, సంతోషంగానే వేసుకున్నారు. మొదటి ఉతుకుతోనే అసలు సంగతి బయటపడింది. బకెట్ నీళ్లలో బంగారు రంగు ముక్కలు తేలాయి. "నన్ను" అన్న మాట మొత్తం ఊడొచ్చి పక్కన నానబెట్టిన తెల్ల చొక్కాకి అతుక్కుంది. అది స్క్రీన్ ప్రింట్ కాదు, వేడి మిషన్‌తో అతికించిన స్టిక్కర్. దారం తీసి వెలిగిస్తే కాటన్‌లా బూడిద అవలేదు, కరిగి చివర గట్టి ఉండ కట్టింది. పాలిస్టర్ కలిసిందన్నమాట. తర్వాత పది సెంటీమీటర్లు పొడవు, పది వెడల్పు ముక్క కత్తిరించి తెలిసిన నగల షాపులో తూయించాం. 200 జీఎస్ఎం బట్టయితే ఆ ముక్క రెండు గ్రాములు తూగాలి. 1.4 గ్రాములు వచ్చింది, అంటే 140 జీఎస్ఎం. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల గ్రంథం 11వ అధ్యాయం మొదటి వచనమే చెప్తోంది. ఆ వాక్యాన్ని కూడా వీళ్లు ఏదో ఒక షర్టు మీద వేసి అమ్ముతూనే ఉంటారు.

నాణ్యత సంగతి అలా ఉంచండి. నాకు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వనిది ఆ ఫోన్ కాల్. షర్టులు మార్చి ఇవ్వండి, లేదంటే డబ్బు వెనక్కి ఇవ్వండి అని మామూలుగానే అడిగాను. అవతలాయన గొంతు పెంచలేదు, చాలా మెత్తగా మాట్లాడాడు. "ప్రైజ్ ది లార్డ్ సిస్టర్. మీరు బట్ట చూస్తున్నారు, మేం వాక్యం చూస్తున్నాం. ఆ డబ్బు సువార్త పనికి విత్తనంగా వేశాననుకోండి, దేవుడు మీకు నూరంతలుగా ఇస్తాడు" అన్నాడు.

విత్తనం! అమ్మకానికి పెట్టిన సరుకు బాగోలేదంటే కానుక అంటాడు. ఎవరి డబ్బు ఎవరు విత్తనం వేశారు? ఆ తల్లులని అడిగాడా? సరే, పదో భాగం అనాథ పిల్లలకి ఇస్తామన్నారు కదా, ఏ హోమ్‌కి ఇచ్చారో చెప్పండి, రసీదు పంపండి అన్నాను. "కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదని యేసయ్యే చెప్పాడు కదా సిస్టర్" అని జవాబు. ప్రతి రీల్ కింద పెద్దక్షరాలతో వేసుకుని షర్టులు అమ్ముకునేటప్పుడు ఎడమచేతికి తెలియొచ్చా? మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువు ఆ మాట చెప్పింది బూర ఊదించుకుని ధర్మం చేసేవాళ్ల గురించే.

ఇక కన్స్యూమర్ కోర్టుకి వెళ్తాం అనేసరికి, "మొదటి కొరింథీయులు 6వ అధ్యాయం చదవండి, విశ్వాసి మీద విశ్వాసి వ్యాజ్యానికి వెళ్లడం పాపం. మీ పాస్టర్ గారికి తెలిస్తే మీకే చెడ్డపేరు" అన్నాడు. నేను మాట్లాడుతుండగానే పెట్టేశాడు, ఆ వెంటనే బ్లాక్. ఆ అధ్యాయం మేమూ చదివాం. ఎనిమిదో వచనంలో పౌలు గద్దించేది సొంత సహోదరులకే అన్యాయం చేసి అపహరించేవాళ్లని. ఆ వచనం దాకా ఆయన వెళ్లలేదు. మా పాస్టర్ గారికి నేనే స్వయంగా చెప్పాను, ఫిర్యాదు పెట్టమని ఆయనే ప్రోత్సహించారు.

వాక్యం బట్టల మీద వేసుకోవడం తప్పని నేను అనట్లేదు. పిల్లలకి అదొక ఆనందం, బస్సులో ఎవరైనా "ఏంటి పాపా రాసుంది?" అని అడిగితే గర్వంగా చదివి చెప్తారు. డబ్ల్యూడబ్ల్యూజేడీ (వాట్ వుడ్ జీసస్ డూ) బ్యాండ్లు మనలో చాలామంది చేతికి కట్టుకున్నవాళ్లమే. 1989లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం హాలండ్ అనే ఊళ్లో ఒక చర్చి యూత్ లీడర్ తన గ్రూపు పిల్లల కోసం చేయించిన బ్యాండ్లవి, ఈ పరిస్థితిలో యేసు ఏం చేసేవాడు అని గుర్తు చేసుకోవడానికి. తర్వాత 1990లలో కంపెనీలు లక్షల్లో అమ్ముకున్నాయి. పిల్లల చేతికి గుర్తుగా కట్టింది షాపు కౌంటర్ మీద సరుకు అయిపోయింది. ఇప్పుడు మన దగ్గరా అదే నడుస్తోంది. డాబా గార్డెన్స్‌లో ప్రింటింగ్ చేసే అన్నని అడిగితే మంచి కాటన్ షర్టు, స్క్రీన్ ప్రింట్‌తో, 40 తీసుకుంటే ఒక్కోటి 280 అన్నాడు. మేం 550 పెట్టి కొన్నాం. మిగతా 270 దేని ధర? యేసు పేరుకి వేసిన ధర. దైవభక్తి లాభసాధనం అనుకునేవాళ్ల గురించి పౌలు తిమోతికి రాసిన మాట ఇన్నాళ్లూ ఎవరి గురించో అనుకుంటూ చదివాను.

కొనేవాళ్లు ఇవి చూసుకోండి. ముందు ఒక్క శాంపిల్ తెప్పించుకుని ఉతికి చూడండి, తెలుగు వత్తులు ప్రింట్‌లో ఎలా పడ్డాయో చదవండి. బిల్లు లేకుండా మొత్తం డబ్బు ముందే వేయొద్దు. విరాళం పేరు చెప్పి అమ్మితే ఏ సంస్థకో అడగండి, చెప్పకపోతే కొనొద్దు. మోసపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వస్తువు విలువ ఐదు లక్షల లోపైతే జిల్లా కన్స్యూమర్ కమిషన్‌లో ఫీజు లేదు. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా 2019 చట్టం ప్రకారం మనం ఉండే వైజాగ్‌లోనే కేసు వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా.

ఇదే పేజీ దగ్గర కొన్న చర్చిల వాళ్లు ఇంకా ఉన్నారని తెలిసింది. మీ దగ్గర చాట్లు, ఫోన్‌పే రసీదులు, ఉతికాక ఊడిన షర్టులు ఉంటే పారేయకండి. నాకు మెసేజ్ చేయండి, కమిషన్ అనుమతిస్తే అందరి ఫిర్యాదూ కలిపి ఒకటిగా వేద్దాం.