ఆ 499 రూపాయల చీటీ షీటు కొనకండి

అదే, చీటీ పాడితే వడ్డీ రేటు ఎంత పడుతుందో చూపించే పచ్చరంగు డాష్‌బోర్డు ఎక్సెల్ షీటు. చీటీల గ్రూపుల్లో మీకూ వచ్చే ఉంటుంది. మొదటి నెల పాడినవాళ్ల లెక్క, చివరి నెల ఎత్తుకున్నవాళ్ల లెక్క బాగానే చూపిస్తుంది. డెమో వీడియోలో ఉండేవీ ఆ రెండే. మధ్యలో పాడితే మాత్రం ఎవరికైనా ఏడాదికి 12 శాతమే. ఎనిమిదో నెలైనా 12, పదమూడో నెలైనా 12. ఎంత సమన్యాయమో!

దాచిన కాలమ్ తెరిస్తే గుట్టు తెలుస్తుంది. ఐఆర్‌ఆర్ (కట్టిందీ, వచ్చిందీ సరితూగే వడ్డీ రేటుని వెతికే ఫార్ములా) చుట్టూ ఇఫ్‌ఎర్రర్ (ఎర్రర్ వస్తే దాని బదులు మనం చెప్పింది చూపించే ఫార్ములా) కట్టి, జవాబు రాకపోతే నెలకు 1 శాతం వేసెయ్యమని రాసిపెట్టాడు షీటు అమ్మిన మహానుభావుడు. దాన్ని 12తో గుణించి మొదటి పేజీలో పెద్దక్షరాల్లో పెట్టాడు. ఇదేంటండీ అని అడిగితే, "రేటు రాకుండా ఖాళీగా ఉంటే షీటు ఎవడు కొంటాడండీ?" అన్నాడు. వెంటనే నన్ను బ్లాక్ చేశాడు. 499 పోతే పోయింది, ఆ మాటకే ఒళ్లు మండింది.

జవాబు ఎందుకు రాదంటే, అసలు లేదు కాబట్టి. లక్ష చీటీ, 20 నెలలు, 20 మంది. పాట 20,000 పోతే, కమిషన్ 5,000 తీసేసి మిగతా 15,000 పంచుతారు. తలా 750 తగ్గి కంతు 4,250 అవుతుంది. లెక్క సులువుకి అన్ని నెలలూ ఇంతే అనుకుందాం. పదో నెల పాడినవాడి చేతికి 80,000. ఆ నెల విలువకి తేవాలంటే ముందు కట్టిన తొమ్మిది కంతులకి వడ్డీ కలపాలి, ఇక కట్టబోయే పదింటికి తగ్గించాలి. ఆ మొత్తం 80,000 కన్నా ఎంత ఎక్కువైతే అంత లోటు. రేటు సున్నా అయితే లోటు 5,000. నెలకు 1.5 శాతం దగ్గర సుమారు 4,680, అంతకన్నా తగ్గదు. 5 శాతానికి 6,270 దాటుతుంది. రేటుని బట్టి లోటు గీస్తే ఆ గ్రాఫు సున్నా గీతని ఎక్కడా తాకదు. న్యూటన్-రాఫ్సన్‌తో (గ్రాఫు వాలుని బట్టి అంచనాని దిద్దుకుంటూ పోయే పద్ధతి) వెతికితే, గ్రాఫు చదునైన చోట వాలు సున్నాకి దగ్గరపడి తర్వాతి అంచనా ఎక్కడికో ఎగిరిపోతుంది. ఎక్సెల్ ఐఆర్‌ఆర్ 10 శాతం అంచనాతో మొదలుపెట్టి, 20 సార్లలో తేలకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఇక్కడ సరైన జవాబు ఆ ఎర్రరే. దాన్నే చెరిపేశాడు!

ఎక్స్‌ఐఆర్‌ఆర్ (తేదీల ప్రకారం రేటు వెతికే ఎక్సెల్ ఫార్ములా) వాడుదామనుకోకండి. రేటు దొరకనప్పుడు అది ఒక్కోసారి ఎర్రర్ కూడా ఇవ్వదు, 0.00000000298 అని ఇస్తుంది. శాతంలో 0.00గా కనిపించి నిజమే అనిపిస్తుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు ఇఫ్‌ఎర్రర్ తీసేయండి. నెలకు 0 నుంచి 5 శాతం దాకా అర శాతం చొప్పున రేట్లు వేసి పక్కన ఎన్‌పీవీ (ఆ రేటుకి వచ్చిందానిలోంచి కట్టింది తీసేస్తే మిగిలే నికర విలువ) పెట్టండి. దాని ప్లస్, మైనస్ గుర్తు ఒక్కచోట మారితే ఆ రెండు రేట్ల మధ్య బైసెక్షన్ (మధ్య రేటు చూస్తూ సగం సగం తగ్గించుకుంటూ వెతకడం) చెయ్యండి. రెండు చోట్ల మారితే ఏ రేటునీ నమ్మొద్దు. అసలు మారకపోతే మీ బ్యాంకు ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) రేటుని నెల రేటుగా మార్చి పెట్టి లోటెంతో చూసుకోండి.