లైనక్స్ మింట్: ఏళ్ల తరబడి వాడాక

మా ఇంట్లో ల్యాప్‌టాప్‌లో 2018 నుంచి విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమే నడుస్తోంది. అప్పుడు 19వ వెర్షన్, ఇప్పుడు 22. మింట్‌లో సినమన్, మాటే, ఎక్స్‌ఎఫ్‌సీఈ అని మూడు రకాలున్నాయి. మాది 4 జీబీ ర్యామ్ ఉన్న పాత మిషన్ కాబట్టి మూడింటిలో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకున్నాను. హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ వేయించాక స్పీడు గురించి ఆలోచించే అవసరం రాలేదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11 వేసుకోవాలంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, మా దాంట్లో లేదు. చక్కగా పనిచేస్తున్న మిషన్‌ని ఆ ఒక్క కారణంతో మూలన పడేయడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మింట్ 22కి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి.

రోజూ నేను చేసేది తెలుగు రాయడం. భాషలు టైప్ చేయడానికి వాడే ఐబస్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాటు దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి), యాపిల్ కీబోర్డ్ లేఅవుట్లు అన్నీ వచ్చేస్తాయి. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో కొడతాను, మా అమ్మాయికి ఆర్‌టీఎస్ అలవాటు. నెట్ ఉన్నా లేకపోయినా ఒకేలా పనిచేస్తాయి. మండలి, రామభద్ర, గిడుగు, పెద్దన లాంటి అందమైన ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. వీటిని అందరికీ ఇచ్చినవాళ్లకు తెలుగు రాసేవాళ్లం ఎంతో రుణపడి ఉన్నాం.

డాక్యుమెంట్లు రాసుకునే లిబ్రేఆఫీస్‌లో మాత్రం ఒక సెట్టింగ్ తెలియకపోతే చాలా చిరాకు పడతారు. ఆప్షన్స్‌లో భాషల దగ్గరకెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి, తెలుగు ఎంచుకోవాలి. ఇంగ్లిష్‌కీ తెలుగుకీ ఫాంటు, సైజు అక్కడ వేర్వేరుగా ఉంటాయి. ఇంకో చిక్కు: బయటినుంచి విండోస్ వాళ్ల గౌతమి ఫాంట్‌లో వచ్చిన ఫైలు తెరిస్తే, ఆ ఫాంట్ ఇక్కడ ఉండదు కాబట్టి లైన్లు, పేజీలు జరిగిపోతాయి. అందుకే నేను పంపేవన్నీ పీడీఎఫ్ చేసే పంపుతాను.

జిరాక్స్ షాపుకి వెళ్లొచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం తెలిసిందే కదా. ఆ వైరస్ విండోస్ కోసం రాసింది, మింట్‌లో నడవదు. దాచిపెట్టిన అసలు ఫైళ్లు మామూలుగానే కనిపిస్తాయి, కాపీ చేసుకోవడమే. మా వీధిలో ఇలాంటి పెన్‌డ్రైవ్‌లన్నీ మా ఇంటికే వస్తాయి.

అప్‌డేట్ల పేరుతో పని మధ్యలో రీస్టార్ట్ అవుతుందన్న టెన్షన్ లేదు. వెర్షన్ మార్చే ముందు టైమ్‌షిఫ్ట్ అనే టూల్‌తో స్నాప్‌షాట్ (సిస్టమ్ అప్పటి స్థితికి కాపీ) తీసి పెట్టుకుంటాను, ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లొచ్చు.

బాగా ఇబ్బంది పెట్టింది ప్రింటర్. కంపెనీ ఇచ్చిన పాత లైనక్స్ డ్రైవర్ (ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్‌లో పనిచేయలేదు. ఎంత వెతికినా దారి దొరక్క, చివరికి లైనక్స్‌లో పనిచేస్తుందని ముందే కనుక్కుని వేరేది కొన్నాం. టెండర్లకి, జీఎస్టీకి డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లకూ డ్రైవర్ల తలనొప్పి ఉంటుంది. టాలీ, పేజ్‌మేకర్ లైనక్స్‌కి లేవు. వాటి మీదే బతుకుతెరువు ఉన్న అకౌంటెంట్లను, డీటీపీ వాళ్లను పూర్తిగా మారిపొమ్మని నేను చెప్పను. విండోస్ పక్కనే మింట్ కూడా వేసుకుంటే చాలు.

మిగతావాళ్లు ముందు ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి చూడండి. కంప్యూటర్ డిస్క్‌లో ఏదీ చెరిగిపోదు. వైఫై, సౌండ్, ప్రింటర్ ఒక్కొక్కటీ పరీక్షించండి. వైఫై కనిపించకపోతే ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయండి. నెట్ వచ్చాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే, కావాల్సిన డ్రైవర్ చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.