ఇంటికే వచ్చే కౌన్సెలింగ్: మల్టీసిస్టమిక్ థెరపీ ఎలా ఉంది?

దొంగతనాలు, కొట్లాటలతో పోలీసుల దాకా వెళ్లిన 12–17 ఏళ్ల పిల్లల కోసం అమెరికాలో మనస్తత్వవేత్త స్కాట్ హెంగెలర్ రూపొందించిన సేవ ఇది. పిల్లాడిని క్లినిక్‌కి రమ్మనరు, థెరపిస్టే ఇంటికొస్తారు. ఒక్కొక్కరి చేతిలో 4 నుంచి 6 కుటుంబాలే. 3 నుంచి 5 నెలలు, రాత్రీ పగలూ ఫోన్‌లో దొరుకుతారు.

పనంతా దాదాపు అమ్మానాన్నలతోనే. నాన్న కొడితే అమ్మ చాటుగా డబ్బులిచ్చి ఊరడించే ఇళ్లలో ముందు ఇద్దరిదీ ఒకే మాట చేస్తారు: ఎన్నింటికి ఇల్లు చేరాలి, తప్పితే ఏం పోతుంది (రెండు రోజులు ఫోన్, అంతే), పాటిస్తే ఏం దక్కుతుంది. కొత్తలో పిల్లలు మరింత రెచ్చిపోతారు. చాలామంది తల్లిదండ్రులు అక్కడే చేతులెత్తేస్తారు. అర్ధరాత్రి ఫోనెత్తే మనిషి విలువ అప్పుడే తెలుస్తుంది. పిల్లాడి చెడు స్నేహాల సంగతి ఆ తర్వాతే.

ఖర్చెక్కువ. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో మంచి ఫలితాలొచ్చినా, 2018లో వెలువడిన ఇంగ్లండ్ అధ్యయనంలో 18 నెలలకు మామూలు సేవల కంటే మెరుగని తేలలేదు.

మన దగ్గర 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ కింద తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇప్పించే వీలు, పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డుకుంది. బోర్డును అడిగేటప్పుడు, ఇంటికొచ్చి చూసే కౌన్సెలర్ కావాలని అడగండి.