ఇంట్లో తుపాకీయా, గట్టి గడియా: విశాఖ కుటుంబానికి ఏది మేలు?

గత సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా అత్తవారి ఊరికి వెళ్లి, ముక్కనుమ నాటి సాయంత్రం ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి తిరిగి వచ్చేసరికి పెరటి తలుపు ఆల్‌డ్రాప్ ఊడి కిందికి వేలాడుతోంది. ఎవరో తలుపుకూ ద్వారబంధానికీ మధ్య ఇనుప కమ్మీ దూర్చి పెకలించారు. గడియ ఇనుము వంగనైనా వంగలేదు. దానిని పట్టి ఉంచిన అర అంగుళం స్క్రూలు మాత్రం చెక్కపొట్టుతో సహా ఊడి వచ్చాయి. వచ్చినవాడికి బీరువా పగలగొట్టవలసిన అవసరం కూడా రాలేదు. వంటింట్లో పోపుల పెట్టె తెరిచి, జీలకర్ర గిన్నె కింద నేను ఇరవై ఏళ్లుగా దాచుకుంటున్న తాళంచెవిని తీసుకొని, ఆరు తులాల బంగారం పట్టుకుపోయాడు. వేలిముద్రలు తీసేవారు వచ్చేవరకు గచ్చు మీద చిందిన జీలకర్రను ఊడ్చవద్దన్నారు. ఆ రాత్రి మావారూ నేనూ దానిని తొక్కకుండా పక్కనుంచి తిరుగుతూ, ఒక్క నిమిషం కూడా కన్ను మూయలేకపోయాము.

సంగతి తెలిసి మా చెల్లెలి కొడుకు అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం డాలస్ నుంచి ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, మేము ఇక్కడ తుపాకీ ఒకటి కొనుక్కున్నాం. మీరూ పెదనాన్నగారూ ఇద్దరే ఉంటారు కదా, మీరూ ఒకటి పెట్టుకోండి" అన్నాడు. ప్రేమతో అన్న మాట కనుక తేలికగా తీసిపారేయలేకపోయాను. తుపాకీ, కుక్క, బలమైన తలుపులు, ఇరుగుపొరుగు, ఈ నాలుగింటిలో ఏది మా ఇంటికి నిజమైన కాపలా అవుతుందో ఆరు నెలలపాటు అడిగి తెలుసుకున్నాను. నేను వచ్చిన నిర్ణయం తుపాకీకి అనుకూలం కాదు. అందుకు కారణాలు రాస్తున్నాను.

అబ్బాయి ఉన్న చోటికీ మన చోటికీ చట్టంలోనే భేదం ఉంది. ఆయుధం కలిగి ఉండే హక్కు అమెరికా రాజ్యాంగంలో 1791 నుంచి ఉంది. ఆత్మరక్షణకు ఇంట్లో చేతి తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కేనని అక్కడి సుప్రీంకోర్టు 2008లో తీర్పు చెప్పింది. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, చట్టం నిషేధించినవారు కాకపోతే 21 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకొని తిరగవచ్చు. మన దేశంలో తుపాకీ హక్కు కాదు, అనుమతి. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి నియమాల ప్రకారం 21 ఏళ్లు నిండినవారు తమకు ఆయుధం ఎందుకు కావాలో కారణం చూపి దరఖాస్తు చేయాలి, పోలీసు విచారణ జరగాలి, శారీరక, మానసిక ఆరోగ్యానికి వైద్యుని ధ్రువపత్రం ఉండాలి. విశాఖ నగరంలో ఆ అధికారం పోలీసు కమిషనర్‌ది. ఇంట్లో ఒకసారి దొంగతనం జరిగిందన్నంత మాత్రాన లైసెన్సు వస్తుందనే భరోసా లేదు. వచ్చినా 2019 సవరణ ప్రకారం అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఎన్నికలు వస్తే, మినహాయింపు దొరికితే తప్ప, పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకోవాలి. ఖర్చు కూడా తక్కువేమీ కాదు. మహిళల కోసమని కాన్పూర్ ప్రభుత్వ కర్మాగారం 2014లో తెచ్చిన .32 రివాల్వర్ నిర్భీక్ ధరే అప్పట్లో లక్షా ఇరవై వేల రూపాయలు దాటింది. అన్నింటికీ మించి మన సముద్రపు గాలి ఉంది. లాసన్స్ బే వైపు కిటికీ ఊచలు రెండు వానాకాలాలకే పొక్కులు లేస్తాయి. అటువంటి చోట ఇనుప గొట్టాన్ని నెలనెలా విప్పి, తుడిచి, నూనె పట్టించకపోతే అవసరం వచ్చిన రోజున అది పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు.

ఇవన్నీ భరించడానికి సిద్ధపడినా, అది నిజంగా కాపాడుతుందా అన్నది అసలు ప్రశ్న. దానికి సమాధానం పెందుర్తిలో ఉంటున్న మా బావగారి ఇంట్లో దొరికింది. ఆయన సైన్యంలో సుబేదారుగా పదవీ విరమణ చేసి, తరువాత పదేళ్లు ఒక బ్యాంకు దగ్గర సాయుధ కాపలాదారుగా పనిచేశారు. అప్పటి డబుల్ బ్యారెల్ తుపాకీ లైసెన్సుతో ఇంకా ఆయన దగ్గర ఉంది. "బావగారూ, ఇప్పుడు అర్ధరాత్రి అనుకోండి, పెరట్లో చప్పుడయింది, తుపాకీ తీయండి" అని అడిగి గోడ గడియారం చూస్తూ నిలబడ్డాను. ఆయన మంచం మీదనుంచి లేచి, కళ్లజోడు పెట్టుకొని, దేవుడి పటం వెనక మేకుకు తగిలించిన తాళంచెవి అందుకొని, బీరువా తెరిచి, చీరల వెనక గుడ్డసంచిలోంచి తుపాకీ తీసి, దాని గొలుసు తాళం విప్పి, పక్క గదికి వెళ్లి రేకు డబ్బాలోంచి తూటాలు తెచ్చి, గొట్టంలో పెట్టినట్టు చేయి ఆడించి చూపేసరికి రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. అది పట్టపగలు, కరెంటు ఉన్న వేళ, చెయ్యి తిరిగిన మనిషి చేసిన పని. ఆయనే కూర్చుంటూ అన్నారు: "ఇది మేలుకొని కాపలా కాసే మనిషికి పనికొచ్చే వస్తువమ్మా. నిద్రపోయే మనిషికి పనికిరాదు."

ఆ ఆలస్యం ఆయన లోపం కాదు. మనవలు వచ్చే ఇల్లు కనుక ఆయన తుపాకీని ఒకచోట, తూటాలను మరొకచోట ఉంచుతారు, ఉంచవలసిందే. ఇంట్లో తుపాకీ విషయంలో చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లలకు అందకుండా దాచితే దొంగ వచ్చినప్పుడు మనకూ అందదు. మనకు అందేలా తలగడ కింద పెట్టుకుంటే మిగిలిన అందరికీ అందుతుంది. ఈ రెండింటికీ మధ్య దారి ఉందని అమ్మేవారు వేలిముద్రతో తెరుచుకునే పెట్టెలు చూపిస్తారు. ఆ పెట్టె వల్ల ఆలస్యం కొంత తగ్గుతుంది, కానీ చీకట్లో గాబరాగా లేచిన మనిషికి ఎదురుగా ఉన్నది ఎవరో అది చెప్పలేదు.

పైగా మన ఊళ్లో ఇళ్లకు వచ్చే ఆపదల్లో ఎన్నింటికి తుపాకీ అడ్డు నిలుస్తుంది? మా ఇంట్లో జరిగినటువంటి తాళం వేసిన ఇంటి దొంగతనానికి అది ఏ విధంగానూ అడ్డు కాదు. ఆనాడు బీరువాలో రివాల్వర్ ఉండి ఉంటే బంగారంతోపాటు అదీ పోయేది, రేపు మరొకరి ఇంట్లో మరొకరి కణతకు గురి అయ్యేది, ఆ పాపంలో నాకూ భాగం ఉండేది. వీధిలో మోటార్ సైకిల్ మీద వచ్చి గొలుసు తెంచుకుపోయేవాడి విషయంలోనూ దానికి పని లేదు. మిగిలింది మనం ఉండగానే లోపలికి జొరబడే ముఠా. ఆ భయం ఊహ కాదని నాకు తెలుసు. 2023 జూన్‌లో ఋషికొండ ప్రాంతంలో ఒక పార్లమెంటు సభ్యుని కుటుంబాన్నే సొంత ఇంట్లో బంధించి డబ్బు గుంజారు. అయితే వారిని విడిపించింది పోలీసులు. కత్తులతో ముందే లోపలికి చేరినవారి ముందు బీరువా తెరిచి తూటాలు వెతుక్కునే వ్యవధి ఎవరికి దొరుకుతుంది?

చట్టం సంగతి కూడా చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత, రాత్రివేళ ఇంటికి కన్నం వేసి జొరబడినవారి నుంచి కాపాడుకునేటప్పుడు ప్రాణం తీసేంతవరకు కూడా ఆత్మరక్షణ హక్కును గుర్తిస్తుంది. అయితే అవసరమైనదానికి మించి హాని చేయరాదని, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు లేదని కూడా అదే చట్టం చెబుతుంది. గోడ దూకి పారిపోతున్నవాడిని వెనకనుంచి కాల్చి, అది ఆత్మరక్షణేనని కోర్టులో నిరూపించుకోవడం ఎన్ని ఏళ్లు నడుస్తుందో కేసుల్లో తిరిగినవారికి చెప్పనక్కర లేదు.

దొంగ సంగతి కాసేపు పక్కన పెడితే, తుపాకీ రోజూ ఉండేది ఇంట్లోవాళ్ల మధ్య. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే. టెక్సస్‌లోని గాల్వెస్టన్‌తో కలిపి మూడు అమెరికా నగరాల్లో ఇళ్లలోనూ వాటి పరిసరాల్లోనూ జరిగిన కాల్పులను పరిశీలించి 1998లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఆత్మరక్షణకోసం న్యాయంగా కాల్చిన ఒక్కొక్క సందర్భానికి పొరపాటున పేలినవి 4, నేరపూరితమైన దాడులు, హత్యలు 7, ఆత్మహత్యలు లేదా ఆత్మహత్యాయత్నాలు 11 ఉన్నట్టు తేలింది. తుపాకీ చూపగానే దొంగ పారిపోయిన సందర్భాలు ఈ లెక్కలోకి రాలేదన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా 2021లో అమెరికాలో తుపాకులవల్ల పోయిన 48,830 ప్రాణాల్లో 26,328 ఆత్మహత్యలే అన్న లెక్క ముందు ఆ అభ్యంతరం నాకు పెద్దగా ఊరటనివ్వలేదు. మన ఇళ్లలో ఇంటర్ ఫలితాలు వచ్చే వారం ఎలా గడుస్తుందో తల్లులకు తెలుసు. పిల్లవాడు గది తలుపు వేసుకుంటే చెవి ఆనించి వింటాము. ఆ క్షణపు దుఃఖం తెల్లవారేసరికి, ఎవరైనా పక్కన కూర్చుంటే అంతకన్నా ముందే, కరుగుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు చేసిన ఒక ఫోన్ కూడా ఆ మేలు చేయగలదు. మరుసటి ఉదయాన్ని దక్కనివ్వని వస్తువును అటువంటి ఇంట్లోకి నేను చేజేతులా తేలేను. తాగి గొడవపడే భర్త ఉన్న ఇంటికీ, మతిమరుపు మొదలైన పెద్దవారున్న ఇంటికీ ఇదే మాట.

ఇక తలుపు తట్టేవారి సంగతి. 2023 ఏప్రిల్‌లో అమెరికాలోని కాన్సస్ సిటీలో 16 ఏళ్ల అబ్బాయి ఒకడు తన తమ్ముళ్లను తీసుకురావడానికి వెళ్లి, వీధి పేరు పొరబడి వేరే ఇంటి గంట నొక్కితే, 84 ఏళ్ల ఇంటి యజమాని భయపడి తలుపు లోపలినుంచి కాల్చాడు. అబ్బాయి అదృష్టవశాత్తు బతికాడు. మా కాలనీలో సెక్టార్ నంబరు పొరబడి రాత్రి పదింటికి ఎవరిదో బిర్యానీ పొట్లం పట్టుకొని మా గంట నొక్కే కుర్రాళ్లు వారానికి ఒకరైనా ఉంటారు. అంతకన్నా పెద్ద సంగతి, 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు ఇళ్లను కమ్మినప్పుడు నిద్రలో ఉన్నవారిని లేపింది తలుపులు బాదిన మనుషులే. తీయని తలుపులను పగలగొట్టి, స్పృహ తప్పినవారిని భుజాన వేసుకొని బయటికి తెచ్చారు. ఆ వేళ తలుపు పగులుతున్న చప్పుడుకు లోపల ఎవరైనా తుపాకీ ఎత్తి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది.

మరి తుపాకీ కాకపోతే ఏమిటి? కుక్క మంచి కాపలాయే, దాని మొరుగుడే సగం రక్షణ. కానీ అది పదేళ్లకు పైబడిన బాధ్యత. టీకాలు, తిండి, నడక, ఊరికి వెళ్తే ఎవరికి అప్పగించాలన్న బెంగ మోయగలిగినవారే పెంచాలి. మా వయసుకు మేము వద్దనుకున్నాము.

మేము ఎక్కువ డబ్బు పెట్టింది తలుపుల మీద. వడ్రంగి చెప్పిన మాట ఏమంటే, తాళం ఎంత ఖరీదైనదన్నది కాదు, అది దేనికి బిగించి ఉందన్నది చూడాలి. ద్వారబంధంలోకి మూడంగుళాల స్క్రూలు దింపి, ఇనుప పట్టీ వేసి, పెరటి తలుపుకు లోపలివైపు అడ్డకమ్మీ పెట్టించాము. మొత్తం నాలుగు వేల రూపాయలయింది. గ్రిల్లుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం: నాలుగువైపులా ఊచలు బిగించేసుకుంటే నిప్పో వాయువో వచ్చిన రోజున అదే పంజరమవుతుంది. అందుకే పడకగది కిటికీకి మడతబందులున్న గ్రిల్లు పెట్టించి, దాని తాళంచెవిని కిటికీ పక్కనే, బయటినుంచి చేయి పెడితే అందనంత దూరంలో మేకుకు తగిలించాము. కెమెరా పెట్టుకోవడం మంచిదే, కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత ఎన్నో రోజులు చీకట్లో గడిపిన ఊరు మనది. కరెంటుతో పనిచేసే కాపలా ఒక్కదానినే నమ్ముకోకూడదు.

తాళం వేసి ఊరికి వెళ్లేవారికోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు కొన్నేళ్ల క్రితమే తెచ్చిన లాక్డ్ హౌస్ మానిటరింగ్ విధానంలో, ముందుగా తెలియజేస్తే ఇంట్లో కదలికలను పట్టే కెమెరా అమర్చి కంట్రోల్ రూమ్ నుంచి కనిపెడతారు. నేను దొంగతనం జరిగిన తరువాత తెలుసుకున్నాను. మీరు ముందే అడగండి. ఇంట్లో ఉండగా చప్పుడైతే చేయవలసినది గదిలోకి వెళ్లి గడియ వేసుకొని, 112కు ఫోన్ చేసి, దీపాలన్నీ వేసి కేకలు పెట్టడం. ఆ కేక విని లేచే ఇరుగుపొరుగు ఉండాలి. మేమూ ఎదురింటివారూ ఇప్పుడు ఊరికి వెళ్లే ముందు ఒకరికొకరు చెప్పుకుంటాము. వాకిట్లో పాలపొట్లాలు, పత్రికలు పోగుపడకుండా తీస్తాము, సాయంత్రం దీపం వేస్తాము. ఇన్నేళ్లు పక్కపక్కనే ఉండి ఈ పని ఎందుకు చేయలేదా అని ఇద్దరమూ బాధపడ్డాము.

తుపాకీ అవసరమైనవారు ఎవరూ లేరని నేను అనను. ప్రాణహాని ఉందని పోలీసులే నిర్ధారించినవారు, పిలిస్తే పలికే ఇల్లు లేని తోటల మధ్య కాపురముండేవారు, శిక్షణ పొంది, లైసెన్సుతో, నియమం ప్రకారం ఉంచుకుంటే అది వేరు సంగతి. మన్యంలో లైసెన్సు లేని నాటు తుపాకులు అడవిపంది కోసం పట్టుకెళ్లి తోటి మనిషికి తగిలిన వార్తలు చదివినప్పుడల్లా ఆ నియమాలు ఎందుకున్నాయో అర్థమవుతుంది.

డాలస్‌లోని మా చెల్లెలి కొడుకుకు ఇదంతా ఫోన్‌లో చెప్పాను. వాడు తన తుపాకీని అమ్మేస్తానని అనలేదు, నేనూ అడగలేదు. వాడున్న చోటు వేరు. "మీ పాపకు మూడో ఏడు వచ్చింది కదరా, తుపాకీ ఎక్కడ ఉంది?" అని మాత్రం అడిగాను. కాసేపు మాట్లాడలేదు. మంచం పక్క సొరుగులో ఉందన్నాడు. మరుసటి ఆదివారం ఒక ఫొటో పంపాడు: గోడకు బిగించిన ఉక్కు పెట్టె, దానికి తాళం. తూటాలు గ్యారేజీలో వేరే పెట్టెలో ఉన్నాయని కింద రాశాడు.