కేరళ లాటరీ: ఏళ్ల తరబడి కొన్నాక రాస్తున్న సమీక్ష

మాది మండపేట దగ్గర. ఉప్పుడు బియ్యం వ్యాపారం. దాళ్వాలో, అంటే రబీలో పండే బొండాలు రకం ధాన్యం మన వైపు వండుకుని తినేవాళ్లు తక్కువ. కేరళవాళ్లకి మాత్రం అదే జయ బియ్యం, అది లేనిదే వాళ్లకి అన్నం తిన్నట్టుండదు. ఆ బేరాల మీద ఏళ్లుగా రాజమండ్రిలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి త్రిశూర్, ఎర్నాకుళం తిరుగుతున్నాను. వెళ్లినప్పుడల్లా అక్కడి ప్రభుత్వ లాటరీ టికెట్ ఒకటో రెండో కొంటాను. వారం టికెట్లు కొన్నాను, ఓణం పండక్కి తీసే పెద్ద ప్రైజు లాటరీ, ఓణం బంపర్లూ కొన్నాను. చిన్న ప్రైజులు అప్పుడప్పుడు తగిలాయి, పెద్దది ఎప్పుడూ తగల్లేదు. ఇంటికి తిరిగొచ్చాక మిల్లు గుమాస్తా దగ్గర్నుంచి ముఠా కూలీల దాకా అందరూ అడిగేది ఒకటే: "ఏవండీ, నిజంగా డబ్బులిస్తారాండీ?"

ఆయ్, ఇస్తారు. కానీ ముందు అడగాల్సింది అది కాదు. "వంద పెడితే అందులో ఎంత మళ్లీ కొన్నవాళ్ల చేతికి వస్తుంది?" అని అడగాలి. మోసం లేదని తెలియగానే మనవాళ్లకి సగం భయం పోతుంది, ఇక లాభమే అన్నట్టు మాట్లాడతారు. మోసం లేని లాటరీలో కూడా కొనేవాడి డబ్బు కరుగుతూనే ఉంటుంది. అది కూడా చట్టప్రకారం, లెక్కప్రకారం కరుగుతుంది. ఈ సమీక్ష రాస్తున్నది ఆ లెక్క చెప్పడానికే.

ముందు నమ్మకం సంగతి. కేరళ ప్రభుత్వం 1967లో లాటరీ శాఖ పెట్టింది. మొదటి డ్రా 1968 జనవరి 26న తీశారు. అప్పుడు టికెట్ 1 రూపాయి, మొదటి ప్రైజు 50,000. దేశం మొత్తానికీ 1998లో లాటరీల నియంత్రణ చట్టం వచ్చింది. టికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర ఉండాలి, డ్రా ప్రభుత్వమే తీయాలి, అది కూడా ఆ రాష్ట్రంలోనే తీయాలి, అమ్మిన డబ్బు ప్రభుత్వ ఖాతాకే చేరాలి, ఒక లాటరీకి వారానికి ఒక్క డ్రాకి మించకూడదు. ఒంటి అంకె మీద ప్రైజు పెట్టకూడదని కూడా అందులో ఉంది. మన ఊళ్లలో ఎవరైనా చివరి అంకె మీద, చివరి మూడంకెల మీద డబ్బులు కాయమంటే, పైన ఏ రాష్ట్రం పేరు చెప్పినా అది ప్రభుత్వ లాటరీ కాదు. కేరళ డ్రాలు తిరువనంతపురంలో గోర్కీ భవన్‌లో అందరి ముందూ తీస్తారు. వారం టికెట్ల డ్రా మధ్యాహ్నం మూడింటికి. ఇన్నేళ్లలో ఫలితం విషయంలో నాకు అనుమానం కలిగిన రోజు లేదు. ఈ ఒక్క విషయంలో పూర్తి మార్కులు ఇస్తాను.

టికెట్‌ని చేతిలో పట్టుకుని చూస్తే ఆట ఏమిటో చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. లాటరీ పేరు, డ్రా నంబరు, తేదీ, ధర, బార్‌కోడ్ ఉంటాయి. అసలు చూడాల్సింది సిరీస్ అక్షరాలు, వాటి పక్కన ఆరంకెల నంబరు. కొత్తగా కొనేవాళ్లు నంబరే చూస్తారు, అక్షరాలు వదిలేస్తారు. మొదటి ప్రైజుకి రెండూ కలవాలి. నంబరు కలిసి సిరీస్ కలవకపోతే వచ్చేది ఊరడింపు ప్రైజు మాత్రమే. ఓణం బంపర్‌లో మొదటి ప్రైజు 25 కోట్లయితే ఊరడింపు 5 లక్షలు. రెండక్షరాల తేడాతో కోట్లు లక్షలైపోతాయి. చిన్న ప్రైజులకైతే సిరీస్‌తో పని లేదు, చివరి నాలుగంకెలు కలిస్తే చాలు. నాకు తగిలినవన్నీ ఆ బాపతువే.

ఇప్పుడు లెక్క. 2023 ఓణం బంపర్ టికెట్ 500 రూపాయలు. అమ్ముడుపోయినవి 75 లక్షలకు పైగా. అంటే జనం పెట్టింది 375 కోట్ల పైమాటే. ఆ ఏడాది ప్రకటించిన ప్రైజులన్నీ కలిపితే 125 కోట్ల పైచిలుకు. పెట్టిన ప్రతి మూడు రూపాయల్లో ఒకటే ప్రైజుగా తిరిగి వస్తోంది. మిగతాది జీఎస్టీ, ఏజెంట్ల కమిషన్, ఖర్చులు, ప్రభుత్వానికి మిగులు. ప్రైజుల సంఖ్య చూస్తే 5 లక్షల 34 వేలకు పైగా ఉంది, ఆ అంకె చూసి ఎవరికైనా ఆశ పుడుతుంది. భాగించి చూడండి, సుమారుగా పద్నాలుగు టికెట్లకి ఒకటి తగులుతుంది. వాటిలో ఎక్కువ భాగం 500 రూపాయలవే. పద్నాలుగు టికెట్లకి 7,000 అయింది, చేతికొచ్చింది 500.

మన వైపు సంక్రాంతి పందేలు చూసినవాళ్లకి ఇది సులువుగా అర్థమవుతుంది. బరి దగ్గర ఇద్దరు తలో వెయ్యి కాస్తే, బరి నడిపేవాళ్ల వాటా పోగా మిగిలింది గెలిచినవాడిదే. ఇక్కడ కోడి బరిలోకి దిగకముందే కాసిన డబ్బులో మూడింట రెండు వంతులు పక్కకి వెళ్లిపోయాయి. ఇలా చెబితే మా ముఠా మేస్త్రి వెంటనే పట్టుకున్నాడు. "అయితే ఆ బరిలో మనం కాయకూడదండీ" అన్నాడు.

పన్ను విషయం ఇంకాస్త చెప్పాలి. లాటరీ మీద జీఎస్టీ 2020 మార్చి నుంచి 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 40 శాతం అయింది. టికెట్ ధరలోనే అది కలిసి ఉంటుంది కాబట్టి మనకి కనపడదు. 50 రూపాయల టికెట్ కొంటే అందులో 14 రూపాయల పైన పన్నే. ప్రైజు వచ్చాక ఆదాయపు పన్ను వేరే ఉంది. 10,000 దాటిన ప్రైజు మీద 30 శాతం ముందే పట్టుకుంటారు. ఖర్చులు చూపించి తగ్గించుకునే వీలు లేదు, ఎన్నేళ్లుగా ఎన్ని టికెట్లు కొన్నామో అడిగేవాడు ఉండడు.

2024 ఓణం బంపర్ కర్ణాటక నుంచి వచ్చిన ఒక మెకానిక్‌కి తగిలింది. 25 కోట్లు అని పేపర్లన్నీ రాశాయి. ఆ అంకెని నిదానంగా విప్పితే ఇలా ఉంటుంది. టికెట్ అమ్మిన ఏజెంటుకి 10 శాతం, అంటే రెండున్నర కోట్లు ప్రైజు నుంచే వెళ్తాయి. మిగిలిన 22 కోట్ల 50 లక్షల మీద 30 శాతం పన్ను 6 కోట్ల 75 లక్షలు. చేతికొచ్చేది 15 కోట్ల 75 లక్షలు. అక్కడితో అయిపోలేదు, ఆ పన్ను మీద పడే సర్‌ఛార్జి, సెస్ తర్వాత గెలిచినవాళ్లే కట్టాలి. అదీ పోయాక 13 కోట్లకి కాస్త అటూ ఇటూగా నిలుస్తుంది. అది కూడా ఏ కుటుంబానికైనా తరాలు గడిచే డబ్బే, కాదనను. కానీ 15 కోట్లు చూసి ఇల్లూ పొలం బేరం పెట్టేసి, పన్ను గడువు వచ్చినప్పుడు డబ్బు వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ఆ రెండు కోట్ల పైన సొమ్ము ముందే విడిగా పెట్టుకోవాలి.

నాకు నచ్చనిది ఒకటి ఉంది. చిన్న ప్రైజు తగిలి దుకాణానికి వెళ్తే, డబ్బులివ్వడానికి ముందు ఏజెంటు కొత్త టికెట్ల కట్ట మన ముందు పరుస్తాడు. ఒకసారి ఎర్నాకుళంలో ఒక దుకాణంలో వంద రూపాయలు రావాలి నాకు. ఆయన నా టికెట్ తీసి డ్రాయర్‌లో పడేసి, నేను అడక్కుండానే రెండు కొత్త టికెట్లు చింపి చేతిలో పెట్టాడు. డబ్బులే కావాలని గట్టిగా అడిగితే ముఖం చిట్లించుకుని నోటు తీశాడు. చుట్టూ నిలబడ్డవాళ్లు ఎవరూ అలా అడగడం లేదు. గెలిచిన డబ్బు అక్కడికక్కడే మళ్లీ లాటరీలోకి వెళ్లిపోతోంది. ప్రైజుని నోటుగా తీసుకోండి. మళ్లీ కొనాలనిపిస్తే జేబులోంచి తీసి కొనండి, అప్పుడే ఎంత ఖర్చు పెట్టామో తెలుస్తుంది.

అలాగని అమ్మేవాళ్లందరినీ అదే గాటన కట్టను. స్టేషన్ బయట సైకిల్‌కి బోర్డు తగిలించి అమ్మేవాళ్లలో వృద్ధులు, దివ్యాంగులు చాలామంది ఉంటారు. వాళ్ల కోసం సంక్షేమ నిధి బోర్డు కూడా ఉంది. 2011లో మొదలైన కారుణ్య లాటరీ ఆదాయం పేద రోగుల వైద్యానికి వెళ్లేలా పెట్టారు. నేను ఇప్పటికీ ఒకటో రెండో కొంటున్నానంటే కారణం ఇదే. ఆ యాభై పోయిందనే అనుకుని, ఒక ముసలాయనకి కమిషన్ వచ్చిందనుకుని కొంటాను. తిరిగి వస్తుందని కొనేవాళ్లకి ఇది పనికిరాదు. అప్పు చేసి కొనేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మన ఆంధ్రావాళ్లకి ప్రత్యేకంగా కొన్ని. కేరళలో ఉండగా కొన్న టికెట్ మీద పొరుగు రాష్ట్రం వాళ్లకీ ప్రైజు ఇస్తారు. కాగితం పోతే ప్రైజు పోయినట్టే. అందుకే కొన్న వెంటనే వెనకాల పేరు, చిరునామా రాసి సంతకం పెట్టాలి, రెండు వైపులా జిరాక్స్ తీసుకోవాలి. డ్రా జరిగాక గడువు లోపే టికెట్ అప్పగించాలి. 5,000 లోపు ప్రైజయితే ఏజెంటు దగ్గరే తీసుకోవచ్చు. పెద్ద మొత్తమైతే పాన్ కార్డు, గుర్తింపు కార్డు కావాలి. బయటి రాష్ట్రంవాళ్లు కాగితాల మీద నోటరీ సంతకం, సీలు వేయించుకోవాలి. టికెట్‌ని బ్యాంకు ద్వారా కూడా పంపించుకోవచ్చు. మనలాంటి దూరపువాళ్లకి అదే భద్రం. పేపర్లో ఫలితం చూసుకున్నా, చివరికి కేరళ ప్రభుత్వ గెజిట్‌లో ఉన్నదే లెక్క.

"వస్తూ వస్తూ మాకూ నాలుగు తెచ్చిపెట్టు బావా" అని చుట్టాలు డబ్బులిస్తుంటారు. తీసుకోను. మన రాష్ట్రంలో లాటరీ అమ్మకం నిషేధం. ఇతర రాష్ట్రాల టికెట్లని ఆపే అధికారం 1998 చట్టమే ఇచ్చింది, 1999లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. పోనీ చుట్టరికం కొద్దీ తెచ్చినా, కోటి తగిలిన రోజున ఆ టికెట్ ఎవరి డబ్బుతో కొన్నదన్న తగాదా ఇళ్ల మధ్య తేలేది కాదు.

ఆన్‌లైన్ విషయంలో మాత్రం ఏ మినహాయింపూ లేదు. కేరళ లాటరీ కాగితం టికెట్‌గానే అమ్ముతారు, ఆన్‌లైన్‌లో అమ్మరు. వాట్సాప్‌లో టికెట్ ఫొటో పంపి ఫోన్‌పే చేయమన్నా, యాప్ వేసుకోమన్నా, "మీకు 25 లక్షలు తగిలాయి, ముందు జీఎస్టీ కట్టండి" అన్నా అది దొంగ వ్యవహారమే. ప్రైజు మీద పన్ను వాళ్లే పట్టుకుని మిగతాది ఇస్తారు గానీ, మనల్ని ఎదురు కట్టమని ఏ లాటరీ ఆఫీసూ ఫోన్ చేయదు. కొనని టికెట్‌కి ప్రైజు రాదన్నది పిల్లలకి కూడా తెలుసు, అయినా ఆ ఫోన్ వచ్చినప్పుడు పెద్దవాళ్లే టెన్షన్‌లో ఓటీపీ చెప్పేస్తున్నారు. అలాంటిది మీ ఇంట్లో ఎవరికైనా జరిగితే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, బ్యాంకులో ఖాతా ఆపించండి.