ఆరేళ్లుగా వాడుతున్న క్యాబిన్ ట్రాలీ: దాని రెండో జిప్పు మీద నా ఫిర్యాదు

విమానంలో చేతి సామానుగా తీసుకెళ్లే ఈ పెట్టె మీద నాకున్న కోపమంతా దాని నడుము చుట్టూ తిరిగే రెండో జిప్పు మీదనే. రంగు, తాళం, లోపలి అరలు, నాలుగు చక్రాలు వంటివి ఏ దుకాణంలో అడిగినా చెబుతారు కాబట్టి వాటి జోలికి పోను. 2019 డిసెంబరులో హనుమకొండ చౌరస్తాలో దీనిని కొన్నాను. కరోనా కాలంలో ఏడాదిన్నర అటక మీద పడి ఉన్నది పోగా, మా అమ్మాయి కాపురముంటున్న బెంగళూరుకు ఏడాదికి నాలుగైదు సార్లు, కళాశాల పనుల మీద మరికొన్ని ఊళ్లకు, ఒకసారి అమెరికాకు ఇది నాతో వచ్చింది. ఇంతకాలం వాడిన తరువాతనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మొదటి ఏడాదిలోనే రాసి ఉంటే పొగడ్త తప్ప మరొకటి ఉండేది కాదు.

రెండో జిప్పు అంటే ఏమిటో వాడనివారికి చెప్పాలి. పెట్టెను మూసే జిప్పు ఒకటి ఉంటుంది. దానికి ఆనుకొని మరొకటి ఉంటుంది. దానిని చుట్టూ లాగితే లోపల మడతపడి ఉన్న గుడ్డ విచ్చుకొని పెట్టె లావెక్కుతుంది. నా పెట్టె మామూలుగా 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 23 మందం. ఆ జిప్పు తెరిస్తే మందం 28 అవుతుంది. మన దేశంలో దేశీయ విమాన ప్రయాణాలకు చేతి సామాను విషయంలో సాధారణంగా చెప్పే లెక్క 7 కిలోల బరువు, మూడు కొలతలూ కలిపి 115 సెంటీమీటర్లు. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఒక విమాన సంస్థ 55, 35, 25 అంటుంది, మరొకటి 55, 40, 20 అంటుంది. కూడితే రెండూ 115 అవుతాయి గాని, మొదటి కొలతకు సరిపోయిన పెట్టె రెండో సంస్థ దగ్గర మందంలో తప్పుతుంది. అమ్మిన అబ్బాయి ఈ వివరాలేవీ చెప్పలేదు. "పండుగకు సామాను ఎక్కువైతే ఇది తెరువుండ్రి సార్, ఐదు సెంటీమీటర్లే గదా," అన్నాడు. ఆ ఐదు సెంటీమీటర్లకే నేను పడిపోయాను.

పడిపోవడానికి కారణం సకినాలు. సంక్రాంతి దాటిన వారం మా వైపు నుంచి పిల్లల దగ్గరకు వెళ్లే ఏ తల్లిదండ్రుల సామాను చూసినా అందులో సకినాల డబ్బా ఉంటుంది. బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద వేళ్లతో మెలితిప్పుతూ చుట్లు చుట్లుగా పోసి, కాస్త ఆరాక నూనెలో వేస్తారు. బరువు తక్కువ, చోటు ఎక్కువ, గట్టిగా నొక్కితే పొడి. విమానం కడుపులోకి వేసే సామానులో పెడితే అవతల దిగేది సకినాలు కాదు, సకినాల రవ్వ. అందువల్ల అవి చేతి సామానులోనే పోవాలి. 7 కిలోలు నిండకముందే చోటు నిండిపోయే వస్తువు కావడంతో, ఆ రెండో జిప్పు మా ఇంటి కోసమే కుట్టినట్టు అనిపించింది. 2020 జనవరిలో జిప్పు తెరిచి, స్టీలు డబ్బా పడుకోబెట్టి, చుట్టూ చీరలు కూరి తీసుకెళ్లాం. ఎవరూ అడగలేదు. బెంగళూరులో డబ్బా మూత తీస్తే ఒక్క చుట్టు కూడా విరగలేదు. ఇంత గట్టి పెట్టె మరొకటి లేదని నేను చుట్టాలందరికీ ఫోను చేసి చెప్పాను; నా మాట మీద జగిత్యాలలో ఉండే మా తోడల్లుడు అచ్చంగా ఇలాంటిదే కొనుక్కున్నాడు కూడా.

ఆ తరువాత 2023 సంక్రాంతి వచ్చింది. కనుమ మరునాడు తెల్లవారుజామున బయలుదేరి, జనగామ, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, మూడు గంటల్లో శంషాబాదు చేరుకున్నాం. పండుగ తిరుగు ప్రయాణాల రోజులు కాబట్టి విమానం నిండా జనమే, ప్రతివారి చేతిలోనూ మావంటి పెట్టెలే. భద్రతా తనిఖీలో ఇబ్బంది లేకుండా దాటిపోయాం. గేటు దగ్గర వరుస కదలడం మొదలయ్యాక, సంస్థ ఉద్యోగిని ఒకామె వరుస పొడవునా నడుస్తూ లావుగా కనిపించిన పెట్టెలను పక్కకు పిలుస్తోంది. మా పెట్టె పొట్ట చూడగానే ఆగింది. "సార్, ఇందులో ఒకసారి పెట్టండి," అని పెట్టెల కొలత చూడటానికి అక్కడున్న ఇనుప చట్రం చూపించింది.

ఆ చట్రం లోపలి మందం మా పెట్టెకంటే మూడు సెంటీమీటర్లు తక్కువని నాకు తెలుసు. అయినా విచ్చుకున్నది గుడ్డే గదా, నొక్కితే లోపలికి పోతుందన్న ధైర్యంతో మోకాలు ఆనించి పెట్టెను కిందికి తోశాను. పోయింది. పైభాగం చట్రం అంచుకు సమానంగా దిగినప్పుడు నేను ఆ అమ్మాయి వంక విజయగర్వంతో చూసిన మాట నిజమే. ఆ గర్వం పావు నిమిషం కూడా నిలవలేదు, ఎందుకంటే పెట్టె మళ్లీ పైకి రాలేదు. లోపల స్టీలు డబ్బా అడ్డంగా తిరిగి గుడ్డను చట్రపు కమ్మీల మధ్యలోంచి బయటికి నెట్టింది. నేను పిడి పట్టుకొని లాగితే చట్రం మొత్తం లేచి వస్తోంది. చివరికి ఇద్దరు ఉద్యోగులు చట్రాన్ని కాళ్లతో అదిమి పట్టుకుంటే, నేనూ వరుసలో ఉన్న మరొక పెద్దమనిషీ పెట్టెను ఊపి ఊపి బయటికి తీశాం. మా ఆవిడ ఆ గేటుకు తనకూ సంబంధం లేనట్టు కిటికీలోంచి విమానాలు చూస్తూ నిలబడింది.

అంతటితో అయిపోలేదు. పెట్టెను కింది సామానులో వేస్తామన్నారు, దానికి రుసుము కట్టమన్నారు. ఆ రోజు కట్టిన మొత్తం పెట్టె కొన్న ధరలో మూడో వంతుకు పైమాటే. కార్డు గీకించుకున్నాక ఆమె అడిగింది: "ఇందులో పవర్ బ్యాంకు ఉందా సార్?" ఉంది. లిథియం బ్యాటరీకి నిప్పంటుకుంటే మనుషులున్న చోటైతే వెంటనే చూసి ఆర్పగలరు, సామాను గదిలోనైతే కుదరదు కాబట్టి విడిగా తీసుకెళ్లే బ్యాటరీలు ప్రయాణికుల దగ్గరే ఉండాలన్నది నియమం. నాది 20,000 ఎంఏహెచ్ది, అంటే 74 వాట్ అవర్లు. అనుమతి అడగకుండా తీసుకెళ్లదగిన 100 వాట్ అవర్ల లోపలే. అది తప్పు కాదు. అది ఉన్న చోటే తప్పు, ఎందుకంటే అది అడుగున, డబ్బా కింద ఉంది. ఈ తరహా పెట్టెలు పుస్తకం తెరిచినట్టు రెండు దిక్కులకూ పరుచుకుంటాయి. సగం తెరిచి చెయ్యి పెట్టే వీలు లేదు. గేటు ముందర నేల మీద పెట్టెను పరిచి, మా ఆవిడ పట్టుచీర, నా లుంగీ, మనవడి స్వెట్టరు, కారప్పొడి పొట్లాలు ఒక్కొక్కటిగా పక్కన పేర్చి పవర్ బ్యాంకు వెతికి తీసేసరికి వరుస మా పక్కనుంచే ముందుకు సాగుతూ ఉంది. మా ఆవిడ అప్పుడు వచ్చి, "గా జిప్పు తియ్యకుండ్రి అని ఇంట్లనే చెప్పిన గదా," అని ఒక్క మాట అని, చీర మడతపెట్టి తన చేతిసంచిలో సర్దుకుంది. ఆమె చెప్పిన మాట నిజం. చెప్పింది.

బెంగళూరులో సామాను తిరిగే పట్టా మీద పెట్టె వచ్చేసరికి రెండో జిప్పు ఒక మూల జానెడు మేర పళ్లు విడిచి, లోపలి గుడ్డ బయటికి వేలాడుతోంది. సకినాలు పోయాయనే అనుకున్నాను. ఇంటికి వెళ్లి మూత తీస్తే, పైవరుసలో నాలుగైదు తప్ప అన్నీ నిలిచి ఉన్నాయి. అప్పుడు గాని నాకు తట్టలేదు, 2020లో నేను పెట్టెకు కట్టిన కిరీటం న్యాయంగా ఆ స్టీలు డబ్బాకు దక్కవలసిందని. పెట్టె గట్టిదే, కాదనను. అయితే గట్టిదనం దాని రెండు చిప్పలది. జిప్పు తెరిచినప్పుడు ఆ చిప్పల నడుమ ఉండేది ఐదు సెంటీమీటర్ల పలుచని గుడ్డ, దెబ్బ తగిలేది సరిగ్గా అక్కడే.

జిప్పు తెరిచినప్పటి ఇంకొక ఇబ్బంది ఎవరూ చెప్పరు. ముందు చిప్ప బరువు చక్రాలకంటే బయటికి వస్తుంది, దాంతో పిడి వదలగానే పెట్టె బోర్లా పడుతుంది. కాజీపేట స్టేషన్లో టీ తాగుతూ ఒక చేత్తో దానిని పట్టుకొని నిలబడటం నాకు అలవాటైపోయింది.

న్యాయంగా చెప్పాలంటే అన్ని నేరాలూ జిప్పువి కావు. నిరుడు తిరుపతికి వెళ్లినప్పుడు జిప్పు పూర్తిగా మూసే ఉంది, బరువు 6 కిలోలు దాటలేదు, అయినా పెట్టె నాతో లోపలికి రాలేదు. ఆ రోజు ఎక్కింది పంకాలు తిరిగే ఏటీఆర్ విమానం. అందులో సీట్ల పైన ఉండే అరలు చిన్నవి. పెద్ద విమానంలో సులువుగా పట్టే ట్రాలీలు వాటిలో పట్టవు. మెట్ల దగ్గరే చీటీ కట్టి తీసుకున్నారు, రుసుము అడగలేదు, దిగాక చేతికిచ్చారు. ఆ రోజు పవర్ బ్యాంకు జేబులోనే ఉంది. 2023లో నేర్చుకున్న పాఠం అంతవరకు పనికొచ్చింది.

పెట్టె సొంత బరువు గురించి కూడా ఒక మాట. ఖాళీగా తూస్తే 2.9 కిలోలు. గల్ఫ్ మీదుగా అమెరికా వెళ్లినప్పుడు కూడా ఎకానమీ టికెట్టుకు చేతి సామాను 7 కిలోలే, కౌంటరులో తూచి మరీ పంపారు. అంటే నాకు మిగిలింది 4.1 కిలోలు. చక్రాలకు, పిడికి, చిప్పలకు ఇచ్చేసిన బరువు సామానులో పదింట నాలుగు పాళ్లు ఉంది. సకినాల వంటి తేలిక సరుకుకు ఇది పట్టింపు కాదు గాని, పుస్తకాలు మోసేవారికి గుడ్డ సంచే మేలు. ఒడిబియ్యం పోయించుకొని తిరిగి వెళ్తున్న మా అమ్మాయికి మరొక సంగతి ఎదురైంది. బియ్యంలో ఉన్న కుడుకలను తనిఖీలో బయటికి తీయించారు. ఎండు కొబ్బరిలో నూనె వల్ల అది తనంతట తానే వేడెక్కి అంటుకునే పదార్థాల జాబితాలో ఉందట. చేతి సామానులోనూ, కింది సామానులోనూ పనికిరాదు. "బాపూ, అమ్మకు చెప్పకు, బాధపడుతది," అని అక్కడి నుంచే ఫోను చేసింది. దీనికి పెట్టెతో సంబంధం లేదు, కాని మా ఊళ్ల వారికి తెలియవలసిన సంగతి కాబట్టి రాశాను.

ఇంతకూ ఎంత తీసుకెళ్లాలి? 180కి పైగా సీట్లున్న విమానంలో ప్రతివారూ 28 సెంటీమీటర్ల పెట్టె తెస్తే పై అరలు ఎక్కడ సరిపోతాయి? నేను చోటు దొరికించుకున్న ప్రతిసారీ నా వెనుక ఎక్కిన ఎవరో ఒకరు తమ సంచిని కాళ్ల దగ్గర పెట్టుకున్నారని ఇప్పుడు అనిపిస్తుంది. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో మంటలంటుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ సామాను వదిలేసి బతికి బయటపడ్డారని చదివినప్పుడు, మా ఆవిడను అడిగాను, అటువంటప్పుడు మనం సకినాల డబ్బా వదులుతామా అని. ఆమె కాసేపు ఆలోచించే జవాబు చెప్పింది. వదులుతామంది. నాకు పూర్తి నమ్మకం కుదరలేదు.

2023లో తిరిగి వచ్చాక వరంగల్ చౌరస్తా దగ్గర బ్యాగులు బాగుచేసే ఒకాయన దగ్గరకు పెట్టె తీసుకెళ్లాను. విడిపోయిన పళ్లను సరిచేసి, కొత్త రన్నర్ ఎక్కించి, జిప్పు చివరిదాకా నడిపి చూపించాడు. నున్నగా నడిచింది. ఇప్పుడు దీనిని మూసేసి రన్నర్ తీసెయ్యి, రెండు కొసలూ కుట్టెయ్యి అన్నాను. ఆయన నా ముఖం చూసి, "మంచిగ చేసినంక బందు పెట్టుడేంది సార్?" అన్నాడు. కారణం చెప్పాను. నవ్వి, మైనం పట్టించిన దారంతో చేత్తోనే కుట్టాడు. ఆ కుట్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అప్పటినుంచి పెట్టె మందం 23 దాటలేదు, మేమూ ఒక సైజు చిన్న డబ్బా కొనుక్కున్నాం, ఎక్కువైన సకినాలను కొరియరులో కాకుండా అటు వెళ్లే చుట్టాలతో పంపుతున్నాం.

కాబట్టి కొనమంటానా అంటే, నా పరిస్థితి చెప్పి ఊరుకుంటాను. మేమిద్దరమే వెళ్తాం, మూడు నాలుగు రోజులకు మించి ఉండం, నా మోకాలికి భుజం మీది సంచికంటే చక్రాలే సుఖం, దారిలో ఎక్కువసార్లు ఎక్కేది పెద్ద విమానమే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మారినా నా లెక్క తప్పవచ్చు. వరంగల్ దగ్గర ఉన్న నిజాం కాలపు మా మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి మొదట చిన్న విమానాలే ఎగిరితే, శంషాబాదు దాకా మూడు గంటల ప్రయాణం తప్పుతుంది గాని ఈ పెట్టె మాత్రం మెట్ల దగ్గరే ఆగిపోతుంది.

మొన్న పెళ్లిలో మా తోడల్లుడు కలిశాడు. కొడుకును చూడటానికి రెండుసార్లు దుబాయి వెళ్లి వచ్చాడు, పెట్టె బ్రహ్మాండంగా ఉందన్నాడు. నేను మొహమాటపడుతూనే రెండో జిప్పుతో జాగ్రత్త అని హెచ్చరించాను. "దీనికి రెండో జిప్పు గూడ ఉన్నదా?" అన్నాడు.