రీపర్: వేసుకున్న ప్లగిన్ కనపడకపోతే ఎక్కడ వెతకాలో చూపించే సాఫ్ట్‌వేర్

ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకోవాలని మొదలుపెట్టినవాళ్లలో చాలామందికి అసలు చిక్కు మైకు దగ్గర రాదు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, అదే ప్లగిన్ల దగ్గర వస్తుంది. హాల్లో పాడినట్టు గొంతుకి ప్రతిధ్వని ఇచ్చే రివర్బ్ ఒకటి డౌన్‌లోడ్ చేస్తాం, ఇన్‌స్టాలర్ నడిపి నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ నొక్కేస్తాం, తీరా సాఫ్ట్‌వేర్ తెరిస్తే ఆ పేరే ఉండదు. అక్క పాడిన లాలిపాటకి కొంచెం రివర్బ్ వేద్దామని కూర్చున్న రోజు నాకు సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు నేను వాడుతున్నది వేరే సాఫ్ట్‌వేర్, పేరెందుకులెండి. లిస్టులో ప్లగిన్ రాదు, పోనీ ఎర్రర్ చూపిస్తుందా అంటే అదీ లేదు. మూడుసార్లు తీసేసి మళ్లీ వేశాను, కంప్యూటర్ ఆపి ఆన్ చేశాను, సాయంత్రం మొత్తం అలాగే పోయింది, పాట మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ వారంలోనే రీపర్‌కి మారాను, ఇదీ పాటలు రికార్డ్ చేసి మిక్స్ చేసుకునే సాఫ్ట్‌వేరే. విండోస్‌లో దీని ఇన్‌స్టాలర్ 20 ఎంబీ లోపే ఉంటుంది, కాబట్టి ప్రయత్నించి చూడటానికి పెద్దగా ఆలోచించాల్సిన పని లేదు. విన్‌ఆంప్ మ్యూజిక్ ప్లేయర్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ పెట్టిన కాకోస్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది, 1.0 వెర్షన్ 2006లో వచ్చింది. 60 రోజులు ఏ ఫీచరూ మూసెయ్యకుండా వాడుకోనిస్తారు, ఆ తర్వాత లైసెన్స్ కొనుక్కోవాలి.

నాకు నచ్చిన మొదటి విషయం ప్లగిన్ల సెట్టింగ్స్ పేజీ. ఆప్షన్స్‌లో ప్రిఫరెన్సెస్ తెరిచి, ప్లగ్-ఇన్స్ కింద వీఎస్టీ (ప్లగిన్లలో ఒక రకం) దగ్గరికి వెళ్తే, తను ఏయే ఫోల్డర్లలో వెతుకుతోందో వరసగా రాసి చూపిస్తుంది. అది చూశాక గానీ నా రివర్బ్ గొడవ ఏమిటో అర్థం కాలేదు. ఇన్‌స్టాలర్ ఆ ప్లగిన్ ఫైలుని (డీఎల్ఎల్) తన సొంత కంపెనీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకుంది, ఆ ఫోల్డర్ లిస్టులో లేదు. దాన్ని కలిపి రీ-స్కాన్ నొక్కాను. కొన్ని సెకన్లలో ఎఫెక్ట్స్ విండోలో పేరు కనపడింది. అదే ఫైలు, అదే కంప్యూటర్!

ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉంటే బోలెడు టైం కలిసొస్తుంది. వీఎస్టీ అనేది స్టైన్‌బర్గ్ అనే కంపెనీ ప్లగిన్ల కోసం 1996లో తెచ్చిన పద్ధతి. పాత వీఎస్టీ2 ప్లగిన్లకి ఇదే చోట ఉండాలన్న కట్టుబాటు లేదు, అందుకే ఒక్కో ఇన్‌స్టాలర్ ఒక్కో ఫోల్డర్‌లో పడేస్తుంది. 2008లో వచ్చిన వీఎస్టీ3కి మాత్రం చోటు ఖాయం: విండోస్‌లో అయితే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కామన్ ఫైల్స్, దాని లోపల వీఎస్టీ3. కాబట్టి ఇన్‌స్టాలర్ ఏవి కావాలని అడిగినప్పుడు వీఎస్టీ3 ఒక్కదానికే టిక్ ఉంచి మిగతావి తీసెయ్యండి. చోటు వెతికే బాధ తప్పుతుంది, ఒకే ప్లగిన్ లిస్టులో రెండు మూడుసార్లు కనపడే గందరగోళం కూడా ఉండదు. మ్యాక్ వాళ్లకి ఏయూ అని ఇంకో రకం ఉంది, గ్యారేజ్‌బ్యాండ్ తీసుకునేది దాన్నే, రీపర్ అయితే మ్యాక్‌లో రెండింటినీ తీసుకుంటుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా లిస్టులోకి రాకపోతే, స్కాన్ చేసేటప్పుడు ఒకసారి ఆ ప్లగిన్ తేడా కొడితే రీపర్ దాన్ని పక్కన పెట్టేసి ఉండొచ్చు. అప్పుడు రీ-స్కాన్ దగ్గరే ఉండే 'క్లియర్ క్యాష్' రకం స్కాన్ చేయించాలి, అన్నింటినీ మొదట్నుంచీ చూసుకుంటుంది.

రెండో విషయం, ఒక్క ప్లగిన్ చెడితే ప్రాజెక్టు మొత్తం పోయే టెన్షన్ తగ్గింది. నేను ఎక్కడో దించుకున్న పాత డీ-ఎస్సర్ ('స', 'ష'ల పదును తగ్గించే ప్లగిన్) ఒకటి ఉండేది, దాని విండో తెరిస్తే చాలు మొత్తం మూతపడిపోయేది. రీపర్‌లో ప్లగిన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి దాన్ని విడి ప్రాసెస్‌గా నడపమని చెప్పొచ్చు, ఆ తర్వాత అది పడిపోయినా పాట నిలబడే ఉంటుంది. ప్రాజెక్టే తెరుచుకోనంత పని అయితే, ఓపెన్ చేసే డబ్బాలో ఎఫెక్ట్స్ అన్నీ ఆఫ్‌లైన్‌లో పెట్టి తెరిచే రికవరీ మోడ్ టిక్ ఉంది. దాంతో లోపలికి వెళ్లి ఆ దోషిని తీసేసి బయటికి రావచ్చు.

అయితే అసలు బయటి ప్లగిన్లు ఎన్ని కావాలి? రీపర్‌తో వచ్చేవి చూడటానికి సాదాగా ఉంటాయి, బొమ్మలూ మెరుపులూ ఉండవు, కానీ పని చేస్తాయి. మా గదిలో ఫ్యాన్ ఆపినా కంప్యూటర్ మోత సన్నగా పడుతుంది. దానికి రీపర్‌తోనే వచ్చే రీఫిర్ అనే ప్లగిన్ వాడతాను. మోడ్‌ని సబ్‌ట్రాక్ట్‌లో పెట్టి, నాయిస్ ప్రొఫైల్ (మోత నమూనా) తయారుచేయమనే టిక్ పెట్టి, పాట మొదలవక ముందున్న ఖాళీ భాగాన్ని రెండు మూడు సెకన్లు ప్లే చెయ్యాలి, గొంతు మొదలవకముందే టిక్ తీసెయ్యాలి. తియ్యడం మర్చిపోతే గొంతుని కూడా మోత అనుకుని కోసేస్తుంది. మరీ ఎక్కువ తీసినా గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు ఉంటుంది, కాస్త మోత మిగిలినా పర్వాలేదు. దీన్ని కంప్రెసర్ (గొంతులో హెచ్చుతగ్గులు సర్దేది) కంటే ముందు పెట్టండి, ఎందుకంటే కంప్రెసర్ తర్వాత గొంతుతో పాటు మోత కూడా పైకి లేస్తుంది.

తర్వాత రీఈక్యూ, శబ్దంలో అడుగు భాగం, పై భాగం విడివిడిగా పెంచి తగ్గించుకునేది. 'భ', 'ఫ' దగ్గర మైకుకి గాలి కొట్టిన చప్పుడు అడుగున ఉంటుంది, 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ (అంతకంటే కింది శబ్దాలని కోసే ఫిల్టర్) పెడితే చాలావరకు సర్దుకుంటుంది. 'శ', 'ష', 'స' పదునుగా చెవిలో గుచ్చుకునేది 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. దానికి బయటి నుంచి టోక్యో డాన్ వాళ్ల టీడీఆర్ నోవా తెచ్చుకున్నాను, ఉచితమే, ఆ అక్షరం వచ్చినప్పుడు మాత్రమే అక్కడ తగ్గించి మళ్లీ వదిలేస్తుంది. రివర్బ్‌కి వాల్హల్లా సూపర్‌మాసివ్, అదీ ఉచితమే. లాలిపాటకి చివరికి వేసింది దాన్నే, మిక్స్ (రివర్బ్ పాలు) 12 శాతం దగ్గర. అక్క ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని రెండుసార్లు వింది, రెండోసారి కళ్లు మూసుకుని.

రికార్డ్ చేసేటప్పుడు మాత్రం ఇవన్నీ ఆపి పాడించండి. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48,000 శాంపిల్స్ లెక్కన, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతలో తీసుకునే శబ్దం ముక్క) 128 శాంపిల్స్ ఉంటే దాని వల్ల ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే, 1024 పెడితే ఆ బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లు, పాడేవాళ్లకి తమ గొంతే వెనకబడి వినిపిస్తుంది. కొన్ని ప్లగిన్లు తమ వంతు ఇంకొంత కలుపుతాయి. ఏది ఎన్ని శాంపిల్స్ కలుపుతోందో, సీపీయూ ఎంత తింటోందో ఎఫెక్ట్స్ విండో అడుగున చిన్న అంకెల్లో రాసి ఉంటుంది, ఇది నేను రోజూ చూసుకుంటాను.

కొత్తవాళ్లకి ఇబ్బంది అనిపించేవీ ఉన్నాయి. మెనూలు మరీ ఎక్కువ, కావాల్సినది దొరికే వరకు మొదటి వారం ఓపిక పట్టాలి. కీబోర్డ్, డ్రమ్స్ శబ్దాలు కావాలంటే దీంతో వచ్చేవి సరిపోవు, విడిగా తెచ్చుకోవాల్సిందే. కేవలం గొంతు ఒక్కటి కత్తిరించి అతికించడమే మీ పని అయితే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్ చాలు, 3.2 వెర్షన్ నుంచి అందులోనూ ప్లే అవుతుండగానే ఎఫెక్ట్స్ మార్చుకోవచ్చు, వీఎస్టీ3 కూడా తీసుకుంటుంది. నాలుగైదు ట్రాకులు, ఒక్కోదానికి రెండు మూడు ప్లగిన్లు అనేసరికి నేను రీపరే తెరుస్తాను. 5కి నాలుగున్నర ఇస్తాను, తగ్గించిన ఆ సగం మెనూల కోసం.